సాంబయ్య తీసిన వాల్వు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఎప్పుడో మూతపడ్డ ఒక దారాల మిల్లు గోడను ఆనుకుని సాంబయ్య షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా బోర్డు లేకుండానే బండ్లు వస్తున్నాయి కాబట్టి, ఇప్పుడు పెడితే జనం ఇదేదో కొత్త షెడ్డనుకుని ముందుకు వెళ్లిపోతారని ఆయన అనుమానం. పాత కార్లు మాత్రమే ముట్టుకుంటాడు. నిరుడు కొన్న బండిని ఎవరైనా తెస్తే, "దానికి కంప్యూటర్ భాష దప్ప రాదు, నాకు కంప్యూటర్ భాష రాదు. మేమిద్దరం కూసోని ఏం మాట్లాడుకుంటం సార్?" అని దండం పెట్టి పంపేస్తాడు.

అరవై రెండేళ్ల మనిషి. జనగామ దగ్గరి పల్లె నుంచి పదహారో ఏట పట్నం వచ్చి, రాణిగంజ్‌లో గౌస్ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఉస్తాద్ పోయాక ఉప్పల్లో కొన్నాళ్లు అద్దె షెడ్డులో చేసి, చివరికి ఈ గోడ పక్కన స్థిరపడ్డాడు. ఉప్పల్ నుంచి కాప్రా దాకా పాత బండి ఉన్న ఇంట్లో ఆయన పేరు తెలియని వాళ్లు తక్కువ. తక్కిన మెకానిక్‌లు కూడా రోగం అంతుపట్టని బండిని తోసుకుంటూ ఆయన దగ్గరికే తెస్తారు. "సాంబయ్య చెప్పిండంటే అదే రోగం" అనే మాట ఈ చుట్టుపక్కల చెల్లుబాటయ్యే నాణెం. ఆ మాట తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. ఉందని ఆయన కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

బండి వస్తే ముందు బానెట్ ఎత్తడు. యజమానినే నడపమని, తాను పక్క సీట్లో కూర్చుని మల్లాపూర్ దాకా ఒక చుట్టు తిరిగి వస్తాడు. సగం రోగాలు బండివి కావని, నడిపే మనిషివని ఆయన సిద్ధాంతం. ఏడాదికి రెండు క్లచ్ ప్లేట్లు మాడిపోతున్నాయని ఏడుస్తూ వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరుకు ఈ చుట్టులోనే రోగం తేలింది. ఆయన ఎడమ కాలు క్లచ్ మీద నుంచి దిగనే దిగదు. "కాలు కింద పెట్టుండ్రి సార్, బండి మంచిగనే ఉన్నది" అన్నాడు సాంబయ్య. ఇంకొకాయన వెనక చక్రం దగ్గర 'దడ్ దడ్' మంటోందని మూడు షెడ్లు తిరిగి, షాక్ అబ్జార్బర్లు మార్పించి, అయినా తగ్గక ఇక్కడికొచ్చాడు. సాంబయ్య వెనక సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక కొబ్బరికాయ తీశాడు. యాదగిరిగుట్ట నుంచి వస్తూ మరిచిపోయిందట.

రెండో పద్ధతి ఇంకా కచ్చితమైనది. బండిలోంచి ఏ సామాను విప్పి కొత్తది వేసినా, విప్పిన పాతదాన్ని న్యూస్ పేపర్లో చుట్టి యజమాని చేతిలో పెడతాడు. వద్దన్నా పెడతాడు. పాతదాన్నే కడిగి, రంగు పూసి, కొత్తదని తిరిగి బిగించే ఘనులను రాణిగంజ్‌లో కళ్లారా చూసినవాడు. ఆ నింద తన మీదికి రాకూడదని ఆయన పట్టుదల. దాంతో నాచారం చుట్టుపక్కల ఇళ్లలో చిత్రమైన సంపద పోగయింది. రామంతాపూర్‌లో ఒక ఇంట్లో పాత క్లచ్ ప్లేటు మీద తులసి కుండీ ఉంది. అరిగిపోయిన బ్రేక్ డిస్కు ఇంకో ఇంట్లో పచ్చడి జాడీ మూత మీద బరువు.

ఈ నియమానికి ఒకే ఒక్క వస్తువు మినహాయింపు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నీళ్లు పోయే దారిలో, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా ఒక వాల్వు ఉంటుంది. థర్మోస్టాట్ అంటారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని ఉండి నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వదు. ఇంజన్ తగినంత వేడెక్కాక తెరుచుకుంటుంది. చేసే పని అంతే. ఆ వాల్వు కనిపిస్తే చాలు, సాంబయ్య తీసి తుక్కు డబ్బాలో వేసేవాడు. దాన్ని పేపర్లో చుట్టేవాడు కాదు, యజమానికి చెప్పేవాడు కూడా కాదు. అది ఆయన దృష్టిలో రిపేరు కాదు. ఆ బండికి తాను అడగకుండా చేసిన మేలు.

దీనికీ ఒక కారణం ఉంది. ఆయన పనిలో చేరిన కొత్తలో, నడివేసవిలో ఒక డాక్టర్ గారి కారు రిపేరు చేసి పంపించాడు. భువనగిరి దాటాక ఈ వాల్వు మూసుకుపోయి తెరుచుకోలేదు. బోరు నీళ్ల సున్నం గడ్డకట్టి బిగుసుకుపోయింది. నీళ్లు మరిగి, ఇంజన్ హెడ్డు పగిలి, డాక్టర్ గారు కుటుంబంతో సహా ఎండలో నిలబడాల్సి వచ్చింది. గౌస్ ఉస్తాద్ నలుగురి ముందు సాంబయ్య చెంప పగలగొట్టి, "మన ఎండలకు గది ఎందుకు బే? తీసి అవతల పారెయ్" అన్నాడు. ఆ రోజు నుంచి సాంబయ్య పారేస్తూనే ఉన్నాడు. కూలెంట్ అనే రంగు నీళ్ల పేరు కూడా తెలియక, జనం నల్లా నీళ్లూ బోరు నీళ్లూ పోసుకుని తిరిగే రోజుల్లో అది మంచి ఉపాయమే. ఆయన చెయ్యిపడ్డ బండి ఏదీ మళ్లీ రోడ్డు మీద మరగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు సాంబయ్య. పక్కవాడు చెప్పేది వింటాడు, తప్పయితే ఒప్పుకుంటాడు. ఈ ఒక్క కుందేలుకు మాత్రం నలభై ఏళ్లకు పైగా మూడే కాళ్లు.

కథ మొదలయ్యేది సూర్యకళ కారుతో.

సూర్యకళ ఉప్పల్ వైపున్న ఒక ప్రభుత్వ పరిశోధనాలయంలో, కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. సొంతూరు కాకినాడ. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, ఇరవయ్యేళ్ల కింద ఒక చిన్న తెల్ల కారు కొనుక్కుంది. భర్త పోయాక ఆ కారే ఆవిడ కాళ్లు. సైనిక్‌పురిలో ఉండే అక్క భాగ్యశ్రీకి మోకాళ్లు పనిచేయవు. వారానికి రెండు రోజులు పొద్దున్నే వెళ్లి ఆమెను ఫిజియోథెరపీకి తీసుకెళ్లి తెచ్చేది సూర్యకళే. కారు రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ డిసెంబరు ఆఖరుకు గడువు. పొడిగించాలంటే పొగ పరీక్షలో పాస్ కావాలి.

అంతకుముందు ఆరు నెలలకోసారి పొగ కాగితం సాంబయ్యే తెచ్చి ఇచ్చేవాడు. రోడ్డు మలుపులో ఒక వ్యాన్ ఉండేది. వాళ్లు సైలెన్సర్‌లో గొట్టం పెట్టినట్టే పెట్టి కాగితం చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడా వ్యాన్ లేదు. బోడుప్పల్ దారిలో కొత్తగా పెట్టిన సెంటర్లో మిషన్ ఎంత చూపిస్తే అంతే. సూర్యకళ స్వయంగా వెళ్లి, గొట్టం సరిగ్గా లోపలికి పెట్టారో లేదో వంగి చూసి, అంకెలు కాగితం మీద రాసుకుని మరీ వచ్చింది. కారు ఫెయిల్. పొగలో ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు విషవాయువు ఉంది.

"పుణెలో మావాడు హృషికేశ్ ఒకటే మాట. పాస్ కాకపోతే తుక్కుకు ఇచ్చేసి క్యాబుల్లో తిరగమంటున్నాడు. ఈ వయసులో నాకు కొత్త కారు కొననివ్వడు, కొన్నా అలవాటు కాదు. ఇంక పదిహేను రోజులే ఉంది సాంబయ్యా, ఏం చేస్తావో చెయ్యి" అంది.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి మేడం. నేనున్న గదా" అన్నాడు.

ప్లగ్గులు విప్పాడు. నాలుగూ మసి పట్టి నల్లగా ఉన్నాయి. ఇంజన్‌లోకి అవసరానికి మించి పెట్రోలు పోతోందని అర్థం. ప్లగ్గులు మార్చాడు, గాలి ఫిల్టర్ మార్చాడు, పాతవి పేపర్లో చుట్టి ఇచ్చాడు. మళ్లీ పరీక్ష. మళ్లీ ఫెయిల్. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేశాడు. సైలెన్సర్ గొట్టంలో ఉండే సెన్సారు కొత్తది తెప్పించాడు. అంకెలు కాస్త దిగాయి తప్ప పాసయ్యే గీత కిందికి రాలేదు. ఇంజన్ లోపలి సత్తువ కొలిచి చూస్తే దిట్టంగా ఉంది. సాంబయ్య పానా కింద పెట్టి టీ తెప్పించుకుని కారు ఎదురుగా కూర్చున్నాడు. బండి ముందు కూర్చుని టీ తాగడమంటే ఆయన విషయంలో పని ఆగిపోయిందని లెక్క. ఈ షెడ్డులో ఆయన అలా మూడు టీలు వరుసగా తాగడం ఎవరూ చూడలేదు.

గడువుకు ఆరు రోజులుందనగా, పొద్దున ఎనిమిదిన్నరకు సూర్యకళ అక్కను సైనిక్‌పురిలో దింపి నేరుగా షెడ్డుకు వచ్చింది. స్వెట్టరు, మఫ్లరు, చేతికి ఒక తుండుగుడ్డ.

"అద్దం మంచు పట్టేస్తోంది సాంబయ్యా. తుడుచుకుంటూ నడపలేక చచ్చాను. ఈ హీటరు ఒకటి, నాలుగైదేళ్లుగా చల్లగాలి తప్ప ఇవ్వదు. హైదరాబాద్‌లో హీటర్ ఎందుకన్నావని నేనూ ఊరుకున్నాను."

సాంబయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. లేచి కారు లోపలికి తల పెట్టి వేడి ముల్లు చూశాడు. సైనిక్‌పురి నుంచి పావుగంటకు పైగా నడిచి వచ్చిన బండి. ముల్లు అడుగు గీత దగ్గరే పడుకుని ఉంది. బానెట్ ఎత్తి రేడియేటర్ పై గొట్టాన్ని అరచేత్తో పట్టుకున్నాడు. పట్టుకోలేనంత వేడిగా ఉండాల్సిన గొట్టం. స్నానానికి తోడిన నీళ్లలా గోరువెచ్చగా ఉంది.

అర్థమైపోయింది. ఈ కారు కొత్తా కాదు, మరీ పాతా కాదు. పెట్రోలు ఎంత పోయాలో చెప్పే ఒక చిన్న కంప్యూటర్ ఇందులో ఉంది. చలిలో స్టార్ట్ చేసిన ఇంజన్‌కు అది కాస్త ఎక్కువ పోస్తుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. వాల్వు లేకపోయేసరికి ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కడం లేదు. కంప్యూటరేమో ఇది ఇప్పుడే నిద్రలేచిందనుకుని ఎక్కువ పోస్తూనే ఉంది. మసి, పొగ, చల్లటి హీటరు, అన్నిటికీ మూలం అదే. అయిదేళ్ల కింద, రిజిస్ట్రేషన్ పొడిగించిన ఏడాది వేసవిలోనే, రేడియేటర్ కడిగినప్పుడు ఆ వాల్వు తీసింది సాంబయ్యే. ప్రతి బండిలో రోగం వెతికే మనిషి, తాను మేలనుకుని చేసిన చోట ఎందుకు వెతుకుతాడు? అందుకే పది రోజులు దాని చుట్టూ తిరిగి, దాని మీద మాత్రం చెయ్యి వేయలేదు.

ఆయనకు చెమట పట్టింది. చలికాలం పొద్దున.

"దొరికింది మేడం. సాయంత్రం రండ్రి" అని మాత్రం అన్నాడు.

సాయంత్రానికి కొత్త వాల్వు బిగించి, గొట్టాలు కడిగి, బోరు నీళ్లు తీసేసి కూలెంట్ నింపాడు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి తానే నడుపుకుంటూ బోడుప్పల్ వెళ్లాడు. దారిలో ముల్లు మెల్లగా లేచి మధ్యకు వచ్చి ఆగింది. హీటరు తిప్పితే వెచ్చటి గాలి వచ్చింది. సూర్యకళ రెండు చేతులూ దాని ముందు పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. కారు పాసైంది.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆవిడ చెయ్యి చాపింది. "పాతదేది?"

సాంబయ్యకు ఒక క్షణం అర్థం కాలేదు.

"కొత్త వాల్వు వేశావుగా. పాతది పేపర్లో చుట్టి ఇస్తావుగా ఎప్పుడూ. ఏదీ?"

ఆయన తన నియమంలో తానే ఇరుక్కుపోయాడు. ఇవ్వడానికి పాతది లేదు. "పాతది... లేకుండె మేడం. మధ్యల ఎవరో తీసేసిన్రు" అన్నాడు. ఆ 'ఎవరో' అన్న మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటదే పక్కకు తప్పుకుంది.

సూర్యకళ ల్యాబ్ మనిషి. లెక్క తేలకపోతే ఊరుకోదు. "ఎవరో ఎవరు? ఈ కారును నువ్వు తప్ప ముట్టుకున్నవాడు ఒక్కడే. మూడేళ్ల కింద ఘట్‌కేసర్ దగ్గర గొట్టం పగిలి నేను ఫోన్ చేస్తే, నువ్వు ఊళ్లో లేక నరేందర్‌ను పంపావు. వాడేనా?"

నరేందర్ పదిహేనేళ్లు సాంబయ్య దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు కాప్రాలో సొంత షెడ్డు పెట్టుకున్నవాడు. ఆ వైపు ఉండే తన పాత గిరాకీనంతా సాంబయ్యే వాడికి అప్పగించాడు. మంచివాడు, పని తెలిసినవాడు. ఆ రోజు ఘట్‌కేసర్ దగ్గర పగిలిన గొట్టం మార్చాడు, అంతే.

"కావొచ్చు" అన్నాడు సాంబయ్య.

ఒక్క మాట. అన్నాక ఆయన వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోలేదు. 'సాంబయ్య చెయ్యి పెడితే తప్పు జరగదు' అని ఈ ఆవిడే పదిమందికి చెప్పింది. ఆ మాట ఈ షెడ్డులోనే, ఆవిడ నోటితోనే ముగిసిపోతుందేమోనన్న భయం ఒక్కటే అప్పుడు ఆయనకు తోచింది. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

నాలుగో రోజు సూర్యకళ రిజిస్ట్రేషన్ కాగితంతో, ఒక డబ్బా కాజాలతో వచ్చింది. "పని అయిపోయింది సాంబయ్యా. అయిదేళ్లకు నిశ్చింత. ఆ, ఇంకోటి. నిన్న అక్క దగ్గర నుంచి వస్తూ కాప్రాలో ఆగి నరేందర్‌ను దులిపి వచ్చాను."

సాంబయ్య చేతిలోని కాజా చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నరు మేడం?"

"ఏమంటాను? నీ గురువు పేరు చెడగొట్టడానికి పుట్టావా, చెప్పకుండా సామాను తీసి అమ్ముకుంటావా అన్నాను. గిరాకీ కూడా ఉన్నారు అక్కడ, వాళ్లూ విన్నారు. వినాలనే గట్టిగా అన్నాను."

"వాడేమన్నడు?"

"ముందు నా మొహం చూశాడు. కొత్త వాల్వు ఎవరు వేశారని అడిగాడు. సాంబయ్య వేశాడు, నువ్వు తీశావని కూడా ఆయనే చెప్పాడన్నాను. అప్పుడు తల దించుకుని, 'అవునమ్మా, నేనే తీసిన, తప్పయింది' అన్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి వదిలేశాను."

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నరేందర్ మీద పడింది. పడ్డవాడికి ఉరుము ఎక్కడిదో తెలుసు. పదిహేనేళ్లు సాంబయ్య పక్కన నిలబడి, ఆ వాల్వులు తుక్కు డబ్బాలో పడడం చూసినవాడు. తెలిసీ తన మీద వేసుకున్నాడు. సూర్యకళ వెళ్లాక సాంబయ్య ఆ మధ్యాహ్నమంతా ఏ బండీ ముట్టుకోలేదు. ఆయనకు సిగ్గేసింది. గౌస్ ఉస్తాద్ చెంపదెబ్బకు కూడా ఇంత సిగ్గు పడలేదు. అది తన తప్పుకు తాను తిన్న దెబ్బ. ఇది తన తప్పుకు ఇంకొకడు తిన్నది.

సాయంత్రం ఇంట్లో భార్య మల్లవ్వ కంచం ముందు పెడితే కలుపుకుంటూ కూర్చున్నాడు గానీ తినలేదు. ఆమె ఒకప్పుడు బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసింది. సూటిగా మాట్లాడుతుంది. విషయం రాబట్టడానికి రెండు ప్రశ్నలు చాలాయి.

"గా పిలగాడు నీ పేరు ఎందుకు జెప్పలే?" అంది.

"ఉస్తాద్‌ను గదనే."

"మరి నువ్వు ఉస్తాద్ పని ఏం జేసినవ్?"

"నిజం జెప్తే నా పేరు పోతది" అన్నాడు సాంబయ్య.

"పోతే పోనీ. ఇప్పుడు వానిది పోలేదా? నీకైతే అరవై దాటినయి. వాడు ఇంకా ఇరవై ఏండ్లు బతకాలె గా షెడ్డు మీద." ఆమె పప్పు వడ్డించి, "తిను, సల్లారుతున్నది" అని లోపలికి వెళ్లింది.

పొద్దున్నే స్కూటర్ మీద సూర్యకళ ఇంటికి వెళ్లాడు. ఆవిడ గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పోస్తోంది. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడే చెప్పాడు.

"మేడం, గా వాల్వు నరేందర్ తియ్యలే. నేనే తీసిన. అయిదేండ్ల కింద రేడియేటర్ కడిగినప్పుడు. మన ఎండలకు అక్కరలేదనుకున్న. మొన్న మీరు అడిగితే మీ మొకం సూస్కుంట చెప్పబుద్ధి గాలే."

ఆవిడ నీళ్ల గొట్టం కట్టేసింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది, మాట మాటకూ గొంతు పెరిగింది. "అయిదు చలికాలాలు అద్దం తుడుచుకుంటూ నడిపాను. సరే, అది తెలియక చేశావు. నేను ల్యాబ్‌లో ఇంతకన్నా పెద్ద తప్పులు చేశాను, చేసిన వాళ్లను చూశాను. కానీ ఆ రోజు 'కావొచ్చు' అన్నావు చూడు, అది తెలిసే అన్నావు. ఆ పిల్లాడిని నేను దొంగ అన్నాను సాంబయ్యా. నలుగురిలో అన్నాను. నీ మాట నమ్మి."

"అందుకే వచ్చిన మేడం. పోయి వాని కాళ్లు పట్టుకుంట."

"కాళ్లు ఏకాంతంగా పట్టుకుంటే సరిపోదు. నేను తిట్టింది నలుగురిలో." ఆవిడ లోపలికి వెళ్లి కారు తాళం తెచ్చింది. "ఎక్కు."

ఆయన ఎక్కాడు. కారు మౌలాలి మీదుగా వెళ్తోంది. హీటరు వెచ్చగా వీస్తోంది. దాన్ని ఆపేయమని అడుగుదామనుకుని సాంబయ్య అడగలేదు.

కాప్రాలో నరేందర్ షెడ్డు రోడ్డు వారగా ఉంటుంది. బెంచీ మీద ఇద్దరు కూర్చుని బండ్ల కోసం ఎదురుచూస్తున్నారు. లోపల ఒక నీలం కారు బానెట్ ఎత్తి ఉంది. దాని పక్కన జనార్ధనరావు నిలబడి ఉన్నాడు. కాజీపేట నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న రైల్వే రిటైర్డ్ మనిషి. పెట్రోలు నీళ్లలా తాగుతోందని ఆ కారును రెండు వారాలుగా నరేందర్ చుట్టూ తిప్పుతున్నాడు. మొన్న సూర్యకళ తిట్టినప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. ఆ తిట్లు విన్నప్పటి నుంచి నరేందర్ ఏ సామాను విప్పినా పక్కనే నిలబడి కాపలా కాస్తున్నాడు.

కారు దిగుతున్న సాంబయ్యను చూసి నరేందర్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ గబగబా వచ్చాడు. "నమస్తే ఉస్తాద్. మీరెందుకొచ్చిన్రు, ఫోన్ జేస్తే నేనే వస్తుంటి గదా." స్టూలు జరిపాడు.

సాంబయ్య కూర్చోలేదు. చెప్పాల్సింది దారి పొడుగునా కూర్చుకున్నాడు గానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. సూర్యకళే ముందు మాట్లాడింది. "ఏమండీ, మొన్న మీ ముందు ఈ అబ్బాయిని దొంగ అన్నాను. ఇతను దొంగ కాదు. తప్పు నాది, క్షమించమని అడుగుతున్నాను. మిగతాది ఈయన చెప్తాడు."

అందరూ సాంబయ్య వైపు తిరిగారు. బెంచీ మీది ఇద్దరు కూడా.

"మేడం బండిలకెల్లి వాల్వు తీసింది నేను" అన్నాడు సాంబయ్య. గొంతు సన్నగా వచ్చింది. మళ్లీ గట్టిగా అన్నాడు. "నరేందర్‌కు తెలుసు, నేనే తీసిన్నని. నా పేరు నిలబెట్టనీకె తన మీద ఏస్కున్నడు. నేను అబద్ధం జెప్పిన. వాడు మాట వడ్డడు."

"ఊకో ఉస్తాద్" అన్నాడు నరేందర్. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గిప్పుడు ఇవన్ని ఎందుకు? అయిపోయింది గదా. కూసోండ్రి, చాయ్ చెప్త."

నిజంగా అయిపోయిందనే అనుకున్నాడు సాంబయ్య. గుండె మీద నుంచి ఇంజన్ దించినట్టుంది. స్టూలు మీద కూర్చోబోయాడు.

జనార్ధనరావు మాత్రం కదల్లేదు. తన కారు వైపు, సాంబయ్య వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. "గది సరే గని సాంబయ్యా," అన్నాడు, "నరేందర్ ఈడ షెడ్డు వెట్టకముందు నా బండి ఏడేండ్లు నీ దగ్గరనే ఉండె గదా. ఏ ఎండాకాలమైనా ఒక్కపాలి మరగలే అని నేనే అందరికి జెప్పుకున్న. మరి నా దాంట్ల ఉన్నదా, గా వాల్వు?"

నరేందర్ తల దించుకుని చేతిలోని గుడ్డను మడతపెట్టాడు. సాంబయ్య ఎత్తి ఉన్న బానెట్ దగ్గరికి వెళ్లి చూడనక్కరలేకపోయింది.

"లేదు సార్" అన్నాడు. "మీ దాంట్ల గూడ నేనే తీసిన."

బెంచీ మీది ఇద్దరూ లేచి నిలబడ్డారు. వాళ్లిద్దరూ ఒకప్పుడు నాచారంలో బండి బాగుచేయించుకున్నవాళ్లే.